పెన్నేరుగడ్డ: కరవుసీమ మూలిక కథ

అనంతపురం మెట్టలలో వాన తప్పిన సంవత్సరం, మార్గశిర మాసంలో పొలిమేర దాటి కొంత దూరం నడిచి చూడండి. శెనక్కాయ చేలు ఎండిపోయి ఉంటాయి. గొర్రెలూ మేకలూ పచ్చగా కనిపించిన ప్రతి ఆకునూ కొరికివేసి ఉంటాయి. అయినా గట్లమీదా, పాడుబడిన గోడల పక్కనా, దిబ్బల అంచులా మోకాలెత్తు పొద ఒకటి పచ్చగా నిలిచి ఉంటుంది. మేక కూడా సాధారణంగా దాని జోలికి పోదు. ఆకులమీద బూడిద చల్లినట్లు సన్నని నూగు ఉంటుంది. కణుపులవద్ద కాగితపు బుడ్డలవంటి తొడుగులలో చిన్న ఎర్రని పండ్లు దాగి ఉంటాయి. పచ్చివేరు పెరికి వాసన చూస్తే గుర్రపుసాల గుర్తుకు వస్తుంది. ఈ వాసననుబట్టే సంస్కృతంలో దీనికి అశ్వగంధ అని పేరు వచ్చినది. తెలుగువారు దీనిని పెన్నేరుగడ్డ అన్నారు.

పెన్నేరు అనగానే ఈ సీమవారికి మొదట స్ఫురించేది నది. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, హిందూపురం ప్రాంతంలో ఆంధ్రదేశంలో ప్రవేశించి, పామిడి, తాడిపత్రి మీదుగా నెల్లూరు తీరానికి పోయే ఈ నదికి పెన్న, పినాకిని అని కూడా పేర్లు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇందులో ఇసుకే గాని నీరు కనిపించదు. చెలమ తవ్వితే మాత్రం నీరు ఊరుతుంది. ఈ ఏటి పేరే మొక్కకు కూడా ఉండడం చూస్తే, తెలుగువారికి దీనితో గల పరిచయం కొత్తది కాదని తెలుస్తుంది. పడమటి పొరుగువారైన కన్నడిగులు దీనిని హిరేమద్దు, అనగా పెద్దమందు, అంటారు.

ఇంత పేరు పొందిన ఈ వేరు నిజంగా ఏమి చేయగలదు? ఏమి చేయలేదు? ఈ ప్రశ్నకు రెండువేల ఏళ్ళ చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో అనంతపురం సీమ చెప్పే సాక్ష్యం కూడా ఉన్నది. మూలికావైద్యాన్ని గురించి నేడు మన దేశంలో రెండు అతివాదాలు వినబడుతున్నాయి. ఆకులలో అన్నిటికీ మందున్నదని ఒకరంటారు. అంతా మూఢనమ్మకమని మరొకరంటారు. ఒక్క మొక్కను తీసికొని దాని కథను మొదటినుంచి పరిశీలిస్తే, ఈ రెండు మాటలలో ఏది ఎంతవరకు నిలుస్తుందో తెలిసికొనవచ్చును.

నేల, వాన, మొక్క

అనంతపురం ప్రాంతంలో సాలుకు కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనాలు తమ నీటిని పడమటి కనుమలమీదనే చాలవరకు కురిపించి, తేలికబడి ఇక్కడికి వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పుతీరాన్ని తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనమవుతాయి. రెండు పంక్తుల భోజనానికీ ఆలస్యంగా వచ్చిన అతిథివంటిది ఈ సీమ. నేల చాలా భాగం పలుచని ఎర్రనేల, కింద రాయి. 2022లో పాత జిల్లా రెండుగా విడిపోయి, పుట్టపర్తి ముఖ్యస్థానంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. జిల్లాలు రెండైనా వాన లెక్క మారలేదు.

ఇటువంటి నేలలో మొక్క బ్రతకాలంటే రెండు పనులు చేయాలి. ఉన్న నీటిని పోగొట్టుకొనకుండా దాచుకొనాలి. పశువులూ పురుగులూ తనను తినివేయకుండా కాచుకొనాలి. పరుగెత్తి తప్పించుకొనే శక్తి మొక్కకు లేదు. అందుచేత చాలా మొక్కలు చేదు, వగరు, ఘాటు, విషం అనే ఆయుధాలను తమ శరీరంలోనే తయారు చేసికొంటాయి. తంగేడు బెరడులోని వగరు, నేలవేములోని చేదు, కలబంద పసుపు రసంలోని విరేచనగుణం, ఇవన్నీ ఈ జాతివే. మొక్క తన రక్షణకోసం తయారు చేసికొన్న పదార్థం మన శరీరంలో ప్రవేశించినప్పుడు ఏదో ఒక మార్పు కలిగిస్తుంది. ఆ మార్పు మేలైతే మందు అంటాము. కీడైతే విషం అంటాము. చాలా సందర్భాలలో ఈ రెంటికీ మధ్యనున్న తేడా మోతాదు మాత్రమే. మూలిక సహజమైనది గనుక హాని చేయదు అనే మాట ఈ కారణంచేతనే నిలువదు. దానిలోని గుణం పుట్టినదే ఇతర ప్రాణులకు హాని చేయడానికి.

పెన్నేరుగడ్డ వంకాయ, మిరప, పొగాకు, ఉమ్మెత్తల కుటుంబానికి చెందినది. పూలు చిన్నవి; ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగు. మందుకు పనికివచ్చేది వేరు. అది లేత ముల్లంగివలె నిలువుగా నేలలోకి దిగుతుంది. ఎండిన మంచి వేరు లోపల తెల్లగా పిండివలె ఉండి, విరిస్తే పుటుక్కున విరుగుతుంది.

ప్రాచీనులు ఎరిగిన వేరు

చరకసంహితలో ఓషధులను వాటి పనులనుబట్టి యాభై వర్గాలుగా విభజించి, ఒక్కొక్క వర్గానికి పదేసి పేర్లు చెప్పారు. అశ్వగంధ వీటిలో బలాన్ని ఇచ్చే బల్యవర్గంలోనూ, శరీరాన్ని పుష్టిపరచే బృంహణీయవర్గంలోనూ కనిపిస్తుంది. అంటే జ్వరాన్ని దించడానికో, విషాన్ని విరచడానికో గాక, చిక్కిపోయిన మనిషిని తిరిగి నిలబెట్టడానికి వాడే మందుగా మన పూర్వులు దీనిని ఎంచారన్నమాట.

మన దేశంలోనే గాక మధ్యధరా తీరంలోనూ, ఆఫ్రికాలోనూ ఈ మొక్క సహజంగా పెరుగుతుంది. ఈజిప్టు రాజు టూటన్‌ఖామన్ సమాధి 1922లో బయటపడినప్పుడు, అతని పెట్టెలో ఉంచిన పూలహారంలో ఈ మొక్క పండ్లు గుచ్చి ఉన్నట్లు తరవాతి పరిశీలనలో తేలినది. అవి మూడువేల సంవత్సరాలకు పైబడినవి. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలోని గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ నిద్ర కలిగించే మొక్క ఒకదానిని వర్ణించాడు. అది ఇదేనని పండితులు గుర్తించారు. లాటిను శాస్త్రనామంలోని సోమ్నిఫెరా అనే మాటకు నిద్రను తెచ్చేది అని అర్థం. ఒకే మొక్కను మనవారు బలానికీ, గ్రీకులు నిద్రకూ వాడడం చూస్తే రెండూ వేరువేరు సంగతులుగా తోస్తాయి. నిద్రపట్టని మనిషికి కంటినిండా నిద్ర కలిగితే మరునాడు బలం వచ్చినట్లే ఉంటుందని గుర్తుంచుకుంటే, ఆ రెంటికీ అంత దూరం లేదు.

తెలుగుదేశంలో ఈ విద్య రెండు పాయలుగా ప్రవహించినది. ఒకటి గ్రంథస్థమైనది. కొట్టూరు బసవరాజు రచించిన బసవరాజీయం మన వైద్యులు తరతరాలుగా ప్రమాణంగా భావించిన గ్రంథం. ఇటువంటి గ్రంథాలు, వాటి యోగాలు తాటాకులమీద ఇంటింటా నకలు చేయబడినవి. అచ్చుయంత్రం వచ్చిన తరవాత వస్తుగుణాలను చెప్పే పుస్తకాలు తెలుగులో వెలువడి బడిపంతుళ్ళకూ, కరణాలకూ కూడా అందినవి. రెండవ పాయ అక్షరం ఎరుగనిది. గొర్రెల కాపరి, మంత్రసాని, ఎరుకలవారు, సంతలో వేళ్ళు పరచుకొని కూర్చునే మందులమనిషి, వీరి నోట, చేతివేళ్ళలో ఉన్న విద్య అది. ఏ మొక్కను ఏ నెలలో తవ్వాలో, ఏ వేరు పుచ్చినదో, దేనిని పోలిన మొక్క ఏది విషమో గ్రంథం చదివిన వైద్యుడికంటె వీరికే ఎక్కువ తెలుసు. చాలాసార్లు వైద్యుడి పెట్టెలోని మందు వీరు తెచ్చి ఇచ్చినదే.

కుంఫిణీవారి కాలం

ఆంగ్లేయులు ఈ దేశానికి వచ్చిన కొత్తలో మన మూలికలను ఎగతాళి చేయలేదు, ఆశగా వెతికారు. ఓడలలో వచ్చే మందులు ఖరీదైనవి, పైగా తోవలోనే చెడిపోయేవి. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు కోరమండల్ తీరపు మొక్కలను చిత్రాలతో వర్ణిస్తూ 1795 నుంచి వెలువడిన గ్రంథంలో తెలుగు పేర్లను కూడా చేర్చాడు. తెలుగువారు సోమిద అని పిలిచే చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని విని, సింకోనాకు బదులుగా దానిని పరీక్షించవలసినదని బ్రిటనుకు పంపాడు. సోమిద సింకోనాకు సాటి కాలేకపోయినది. కాని ఆ తెలుగు పేరు మాత్రం సోయ్‌మిడా అనే రూపంలో వృక్షశాస్త్రంలో శాశ్వతంగా నిలిచిపోయినది. 1813లో వైట్‌లా ఐన్‌స్లీ మద్రాసులో అచ్చువేసిన ఓషధిగ్రంథంలోనూ, 1859లో వాల్టర్ ఎలియట్ ప్రకటించిన ఫ్లోరా ఆంధ్రికాలోనూ తెలుగు మొక్కల పేర్లు నమోదు చేయబడినవి. నేడు మన పల్లెల్లో మరచిపోయిన పేర్లను కొన్నిటిని ఈ పరదేశీయుల పుస్తకాలలో వెతుక్కోవలసి వస్తున్నది.

అనంతపురం సీమ 1800లో నిజామునుంచి కుంఫిణీవారికి సంక్రమించినది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ వినబడుతుంది. తరవాత మద్రాసు గవర్నరైన మన్రో, పదవి విడిచి స్వదేశం పోబోతూ ఈ సీమను చివరిసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండవద్ద కలరాతో మరణించాడు. ఆయనను మొదట గుత్తిలో సమాధి చేశారు. రాజధాని గవర్నరుకు ఆనాడు లభించిన వైద్యం అంటే ఆ కాలానికి శ్రేష్ఠమైన పాశ్చాత్య వైద్యమే. అదీ ఆయనను కాపాడలేకపోయినది. అదే జాడ్యంతో పల్లెలలో మరణించిన వేలమందిని మన మూలికలూ కాపాడలేకపోయినవి. కలరా క్రిమిని రాబర్ట్ కోక్ 1884లో స్పష్టంగా చూపేదాకా రెండు వైద్యాలూ ఈ విషయంలో చీకటిలోనే ఉన్నవి. ఉప్పు, చక్కెర కలిపిన నీటిని నోటిద్వారా పట్టించి కలరా రోగులను పెద్దయెత్తున బ్రతికించవచ్చునని 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ నిరూపించాడు. అందులో ఖరీదైన వస్తువు ఏదీ లేదు. ఏ వైద్యమైనా గెలిచేది దాని వయస్సుచేత గాని, పుట్టిన దేశంచేత గాని కాదు. రోగకారణం తెలియడంచేత, ఫలితం లెక్కకు నిలవడంచేత.

మన మూలిక కథకు మరింత దగ్గరి పాఠం 1876-78 సంవత్సరాల మహాక్షామం. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. ప్రత్యేక జిల్లా 1882లో ఏర్పడినది. మద్రాసు రాజధానిలో అత్యంత ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాలలో ఇది ఒకటి. జనం అడవి ఆకులూ దుంపలూ తవ్వుకు తిన్నారు. కూలికి వచ్చిన క్షామపీడితులకు రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ అన్నాడు. చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కూలివాని ఒంటికి కావలసినది ఎంత అనే ఈ వాదం మన దేశంలో పోషకాహార చర్చలకు తొలి ఘట్టాలలో ఒకటి.

ఇక్కడ ఆలోచించండి. పెన్నేరుగడ్డ బలానికి మందు. అది ఈ నేలమీద కరవులో కూడా పెరిగేది. అయినా ఆ క్షామంలో అది ఎవరినీ నిలబెట్టలేదు; నిలబెట్టగలిగేదీ కాదు. ఆకలివల్ల వచ్చిన నీరసానికి మందు అన్నమే. వైద్యుడు ఈ వేరు పొడిని పాలతో, నేతితో, బెల్లంతో ఇమ్మన్నాడు. తిన్నవాడికి బలం వచ్చినదనుకొందాం. వచ్చినది వేరువల్లనా, పాలూ నెయ్యివల్లనా? పాలూ నెయ్యీ ఉన్న ఇంటిలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. అవి లేని కరవుసీమలో మాత్రం ఇది తప్పించుకొనరాని ప్రశ్న.

ఇరవయ్యో శతాబ్దిలో వాదోపవాదాలు

1918లో మద్రాసు ప్రభుత్వం దేశీయ మందులను పరీక్షించే పనిని డాక్టర్ కోమన్‌కు అప్పగించినది. ఆయన నివేదిక దేశీయ వైద్యానికి చాలవరకు ప్రతికూలంగా ఉండడంచేత పెద్ద దుమారం లేచినది. పండిత దీవి గోపాలాచార్యులుగారి వంటి ఆయుర్వేద విద్వాంసులు ఆ పరీక్షా విధానాన్నే ఆక్షేపించారు. తరవాత పానగల్లు రాజాగారి మంత్రివర్గం కాలంలో, 1921లో, మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడినది. దాని నివేదిక 1923లో వెలువడినది. ఫలితంగా 1925లో మద్రాసులో ప్రభుత్వ భారతీయ వైద్యపాఠశాల ప్రారంభమైనది. అనంతపురం కూడా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే గనుక ఈ సీమ విద్యార్థులకు కూడా ఆ ద్వారం తెరుచుకున్నది.

ఆ రోజులలో రెండు వైద్యాలనూ చదివి, వాటిమధ్య వారధి కట్టజూచినవారిలో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు ముఖ్యులు. ఆయన మద్రాసులో నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించిన యువకుడొకడు తరవాత అమెరికా వెళ్ళి ప్రపంచ ప్రసిద్ధుడైనాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

స్వాతంత్ర్యానంతరం ఈ వాదం చట్టాలలోకి ఎక్కినది. 1964లో మందుల చట్టాన్ని సవరించి ఆయుర్వేద ఔషధాలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. వైద్యవిద్యకు ఒక కేంద్రమండలిని ఏర్పరచే చట్టం 1970లో వచ్చినది. 2000లో జాతీయ ఔషధమొక్కల మండలి, 2014లో ఆయుష్ మంత్రిత్వశాఖ ఏర్పడినవి. ఇవన్నీ పట్నపు మందుల దుకాణానికి సంబంధించిన కట్టుబాట్లు. సంతలో అమ్మే వేరుకూ, పల్లెలో పోసే పసరుకూ మాత్రం నేటికీ తూకం, పరీక్ష అంటూ లేవు.

ప్రయోగశాలలో పెన్నేరుగడ్డ

లిన్నేయస్ 1753లో ఈ మొక్కను ఫైసాలిస్ సోమ్నిఫెరా అన్నాడు. 1852లో డ్యూనాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానిని విథానియా ప్రజాతికి మార్చాడు. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో రసాయనికులు ఆకులనూ వేళ్ళనూ విడదీసి చూడనారంభించారు. 1965 ప్రాంతంలో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు విథాఫెరిన్-ఎ అనే పదార్థపు నిర్మాణాన్ని నిర్ణయించారు. దాని అణువులో 28 కర్బన, 38 ఉదజని, 6 ఆమ్లజని పరమాణువులు ఉన్నవి. ఇటువంటి నిర్మాణం గల పదార్థాలు ఈ మొక్కలో ఇంకా అనేకం దొరికినవి. వాటన్నిటికీ కలిపి విథానోలైడులు అని పేరు. విథాఫెరిన్-ఎ ఆకులో ఎక్కువ. జీవకణాలను చంపే గుణం దీనికి ఉన్నది. వేరులోని విథానోలైడుల పాళ్ళు వేరు. పూర్వులు బలానికి ఆకును గాక వేరును ఎంచుకొనడంలో ఎంత అనుభవం దాగి ఉన్నదో ఇక్కడ బోధపడుతుంది.

పదార్థం దొరికినంతమాత్రాన మందు అయినట్లు కాదు. మనిషికి ఇచ్చి చూడాలి. పైన చెప్పిన పాలూ నేతి ప్రశ్నకు సమాధానం చెప్పే పద్ధతి ఒకటి ఉన్నది. రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మందు, మరొక జట్టుకు చూపులో అదేవిధంగా ఉండే ఉత్తిగుళిక ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూచే వైద్యుడికీ తెలియదు. 2012లో ప్రకటితమైన ఇటువంటి పరీక్ష ఒకటి మన హైదరాబాదులోనే జరిగినది. మానసిక ఒత్తిడితో బాధపడే 64 మంది ఇందులో పాల్గొన్నారు. వేరుసారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 60 రోజులు ఇచ్చారు. మందు పుచ్చుకొన్నవారిలో ఒత్తిడి లక్షణాలు ఉత్తిగుళిక జట్టుకంటె ఎక్కువగా తగ్గినవి. ఒత్తిడి సమయంలో పెరిగే కార్టిసోల్ అనే హార్మోను కూడా రక్తంలో తగ్గినది. నిద్ర విషయంలో కూడా తరవాత జరిగిన కొన్ని పరీక్షలు అనుకూలంగా ఉన్నవి. డయాస్కోరిడీస్ మాట పూర్తిగా తప్పు కాదన్నమాట. అయితే ఈ పరీక్షలు చిన్నవి, స్వల్పకాలికమైనవి. ఏళ్ళతరబడి వాడితే ఏమవుతుందో ఇవి చెప్పలేవు. మధుమేహం, కాన్సర్, సంతానలేమి మొదలైన వాటన్నిటికీ ఇదే మందని దుకాణాలలో వేసే కరపత్రాలకు ఈ పరీక్షలు ఆధారం కాజాలవు.

తొందరపడి నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి మరొక మొక్క ఉదాహరణ చాలును. నేల ఉసిరి అనంతపురం చేలలో వానాకాలంలో కలుపుగా మొలుస్తుంది. కామెర్లకు దాని పసరు తాగించడం తెలుగుదేశమంతటా ఉన్నదే. 1988లో మద్రాసు శాస్త్రజ్ఞులు, హెపటైటిస్-బి క్రిమిని కనుగొన్న బ్లుంబర్గ్‌తో కలిసి, ఒక పరీక్షాఫలితం ప్రకటించారు. ఆ క్రిమిని రక్తంలో మోస్తున్నవారికి ఈ మొక్క పొడి 30 రోజులు ఇవ్వగా నూటికి 59 మందిలో క్రిమి గుర్తు మాయమైనది. ఉత్తిగుళిక ఇచ్చిన వారిలో నూటికి 4 మందిలోనే. ప్రపంచమంతా ఆశపడినది. కాని ఇతర దేశాలలో మళ్ళీ చేసిన పరీక్షలలో ఆ ఫలితం రాలేదు. మరి పల్లెలో పసరు తాగి కామెర్లు తగ్గినవారి మాటేమిటి? కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొద్దివారాలలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు, కాలేయం పుండై వచ్చిన కామెర్లు అట్లా తగ్గవు. వారు పసరుతో గడిపిన ప్రతి వారమూ నష్టమే. ఒకే పచ్చని కన్ను వెనుక అనేక రోగాలు ఉండవచ్చునని తెలియకపోవడమే అసలు ప్రమాదం.

మరొకవైపు, పరీక్షకు నిలిచిన మూలికలు లేకపోలేదు. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రకటించగా ప్రపంచం తలతిప్పి చూచినది. 1952లో దానినుంచి రిసెర్పిన్ వేరుచేయబడినది. చైనావారి పాతగ్రంథం ఇచ్చిన సూచనతో మలేరియాకు ఆర్టిమిసినిన్ కనుగొన్న తూ యూయూకు 2015లో నోబెల్ బహుమానం లభించినది. పాతగ్రంథం దారి చూపగలదు. ఆ దారి గమ్యం చేరుతుందో లేదో నడిచి చూడవలసినదే.

చేలోకి వచ్చిన మూలిక

గట్టుమీది పెన్నేరుగడ్డ నేడు పంటగా చేలోకి వచ్చినది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్ ప్రాంతాలు దీని సేద్యానికీ, అంగడికీ ప్రసిద్ధి. రాజస్థాన్‌లోని నాగౌర్ పేరుతో నాగోరీ రకం ఉన్నది. మన రాష్ట్రంలో అనంతపురం, కర్నూలు ప్రాంతాల రైతులు కూడా దీనిని పండిస్తున్నారు. లక్షల ఎకరాలలో శెనక్కాయ ఒక్కటే వేసి, వాన తప్పిన ప్రతి ఏడూ అప్పులపాలైన సీమలో ఇటువంటి పైరు ఆశ కలిగించడం సహజం.

జూలై, ఆగస్టు నెలలలో విత్తి, ఆరునెలలలోపల ఆకులు ఎండి పండ్లు ఎర్రబడగానే వేళ్ళు తవ్వుతారు. తేలికనేల కావాలి, నీరు నిలువరాదు. నీరు ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది. పశువుల బెడద తక్కువ. హెక్టారుకు సాధారణంగా మూడునుంచి అయిదు క్వింటాళ్ళ ఎండువేరు దిగుతుంది. వేళ్ళను ఏడునుంచి పది సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఎండబెట్టి, లావునుబట్టి తరగతులుగా వేరుచేస్తారు. లావుగా, నునుపుగా, లోపల తెల్లగా ఉన్న ముక్కకు ధర ఎక్కువ, పీచువేళ్ళకు తక్కువ. రైతు గుర్తుంచుకొనవలసినది మరొకటి ఉన్నది. ఇది బియ్యంవలె ప్రతి సంతలోనూ అమ్ముడుపోయేది కాదు. కొనేవారెవరో ముందుగా చూచుకొనకుండా చేలంతా వేస్తే, పండిన పంటే బరువవుతుంది.

గిరాకీ పెరిగినకొద్దీ కల్తీ పెరుగుతుంది. వేరు తవ్వడం కష్టం, ఆకు కోయడం సులభం. విథానోలైడుల పరిమాణం ఎక్కువగా చూపడంకోసం వేరుసారంలో ఆకు, కాండాల సారం కలిపే అలవాటు బయలుదేరినది. 2021లో ఆయుష్ మంత్రిత్వశాఖ తయారీదారులను ఆకు వాడవద్దని హెచ్చరించినది. గ్రంథాలు వేరునే చెప్పినవి. ఆకు లోపలికి పుచ్చుకొంటే క్షేమమని చూపే ఆధారం చాలదు.

వేరు విషయంలోనూ జాగ్రత్త అవసరమే. 2020లో ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు అశ్వగంధ పుచ్చుకొన్న అయిదుగురిలో కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చినట్లు ప్రకటించారు. మందు మానివేసిన తరవాత వారు కోలుకొన్నారు. 2023లో డెన్మార్కు ప్రభుత్వం దీని అమ్మకాన్ని నిషేధించినది. ఇది అరుదైన ప్రమాదమే. కాని కోట్లమంది వాడే వస్తువులో అరుదైనది కూడా కొందరి ఇంట నిజమవుతుంది. గర్భిణులు దీనిని పుచ్చుకొనరాదు. కాలేయవ్యాధి ఉన్నవారు, కంఠగ్రంథి వ్యాధికి, నిద్రకు, మధుమేహానికి మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా దీని జోలికి పోరాదు. వైద్యుడు అడిగినప్పుడు వాడుతున్న పసరులను, చూర్ణాలను దాచకుండా చెప్పాలి. అవి మందులు కావన్నట్లు చెప్పకుండా ఊరుకోవడం మనలో చాలామందికి అలవాటు.

మిగిలిన పని

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య పుల్లయ్యగారూ, వారి సహచరులూ ఈ జిల్లా మొక్కలను పరిశీలించి, 1989లో అనంతపురం వృక్షసంపదపై గ్రంథం ప్రకటించారు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, గ్రామస్థులతో కలిసి కల్పవల్లి అనే పేరుతో బోడికొండలను కాపాడుతూ వచ్చినది. నిప్పు పడకుండా, నరకకుండా చూచినంతనే కొండమీద పాత మొక్కలు అనేకం తిరిగి తలయెత్తినవి. విత్తనం నేలలో ఓపికగా కాచుకొని ఉంటుంది; దానికి కావలసినది కొంత రక్షణ.

మనుషుల జ్ఞాపకం అట్లా కాచుకొని ఉండదు. మూలికల పేర్లు తెలిసిన కాపరి, మంత్రసాని గతిస్తే ఆ పేర్లు తిరిగి మొలవవు. వారు చెప్పినదంతా నిజం కాకపోవచ్చును. కాని వారు చెప్పినది వ్రాసిపెట్టుకొనకపోతే, ఏది నిజమో పరీక్షించే అవకాశమే పోతుంది. ఈ సీమలోని ప్రతి ఉన్నత పాఠశాలలోనూ విద్యార్థులు తమ ఊరి మొక్కలను సేకరించి, ఎండబెట్టి, కాగితంమీద అంటించి, అవ్వా తాతలు చెప్పిన పేరునూ వాడకాన్నీ పక్కన వ్రాసి ఉంచితే అది చిన్న పని కాదు. వాడకం వ్రాయడం వేరు, వాడడం వేరు అన్న సంగతి మాత్రం ఉపాధ్యాయుడు మొదటిరోజునే చెప్పాలి.

పెన్నేరుగడ్డ కథ మనకు చెప్పేది ఇంతే. పూర్వులు చూచినది కొంత నిజం. నిద్రకూ, మనస్సు నెమ్మదికీ ఈ వేరు కొంత సాయపడుతుందని నేటి పరీక్షలు చెబుతున్నవి. కరవునూ, కలరానూ, కాలేయవ్యాధినీ అది గెలువలేదు. వానికి కావలసినవి అన్నమూ, మంచినీరూ, సకాలంలో సరియైన వైద్యమూ. ఈ మూడూ ఉన్న ఇంటిలో మూలిక తన చోటు తాను చూచుకుంటుంది. ఇవి లేని ఇంటిలో మూలికను మాత్రమే చేతికిచ్చి పంపడం వైద్యం కాదు.